కూర్మయ్య ప్రదక్షిణం

మొన్న జనగామ వెళ్ళి మా చెల్లెలు విజయ ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటిని పట్టుకున్న సమస్య ఒక్కటే. పాకే జంతువుల్లో దేన్ని కొనాలి? విజయ కూతురి కూతురు మన్విత పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకుని, అందుకు బదులుగా ఒక ప్రాణిని పెంచుకుంటానని తల్లిదండ్రులను ఒప్పించింది. కుక్క వాళ్ళమ్మకు పడదు. పిల్లి వస్తే వాళ్ళ నాన్నకు తుమ్ములు ఆగవు. పక్షిని పంజరంలో పెట్టడం పాపమని పిల్లే అంటుంది. అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి బల్లులూ పాములూ తాబేళ్ళూ మిగిలాయట. మొదటిసారి పెంచేవాళ్ళకు వాటిలో ఏది అనువైనదో ఎవరో పుణ్యాత్ములు ఇంగ్లీషులో పెద్ద వ్యాసం రాస్తే, దాన్ని ఫోన్‌లో పెట్టుకుని నా పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

ఒంటి మీద చుక్కలున్న బల్లి ఒకటట, చాలా సాధువు, కానీ బతికున్న పురుగులు వేయాలి. గడ్డం ఉన్న తొండ ఒకటి, దానికి పగలంతా ప్రత్యేకమైన దీపం వెలగాలి. ఎవరినీ కరవని పాము మరొకటి, దానికి అప్పుడప్పుడు ఒక ఎలుక చాలు. ఆ ఎలుకను ఎవరు తెస్తారని విజయ అడిగింది. నేను మాత్రం మా ఇంట్లో ట్యూబులైటు వెనక కాపురం చేస్తున్న బల్లుల గురించే ఆలోచిస్తున్నాను. వాటికి మేమెప్పుడూ మేత కొనలేదు, దీపం మాత్రం మా ఖర్చే. ఆ మాటే అంటే మన్విత నా వైపు జాలిగా చూసి, ఇలా లాభం లేదనుకుని వీడియో పెట్టింది. ఒక గాజుతొట్టి, అందులో అరచేతిలో ఇమిడే తాబేలు. గాజు గోడను ఆనుకుని కాళ్ళు ఆడిస్తూ మూలదాకా వెళుతుంది, అక్కడ తల గుద్దుకుని తిరుగుతుంది, మళ్ళీ మొదలు. ఎంత ఖుషీగా ఈదుతుందో చూడు పెద్దమ్మమ్మా అంది పిల్ల. నాకు ఎక్కడో కలుక్కుమంది.

అప్పుడే విజయ అందుకుంది. మన ఇంట్లో కూడా తాబేలు ఉండేది కదా, కూర్మయ్య, బావిలో ఏళ్ళకేళ్ళు హాయిగా బతికింది అని మనవరాలికి చెప్పింది. కూర్మయ్య బావిలో ఉన్నది ఒక్క పూట, అది కూడా నిండు పూట కాదు అన్నాను నేను. విజయ ఒప్పుకోలేదు. ఆ రోజు నేను బావి గట్టు మీద గడ్డం ఆనించి కళ్ళతో చూసినదాన్ని. విజయ అప్పటికి ఇంకా అమ్మ కడుపులోనే ఉంది. అయినా గొంతు పెంచి గెలిచింది. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఇక్కడైతే అడ్డు రాదు.

మా ఇల్లు మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. దుకాణంలో ఎండుమిరపకాయలు, చింతపండు, బెల్లం, కొత్తగూడ అడవుల వైపు నుంచి వచ్చే కుంకుడుకాయలు, ఇప్పపువ్వు. ఆ వాసనలు గోడలకు పట్టేసి, కొత్తగా ఉతికిన బట్టల్లోకి కూడా ఎక్కేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను వాసన చూసి ఈ రోజు మీ దుకాణంలో ఏ బస్తా విప్పారో చెప్పేది. మిరపకాయల బస్తాలు దిగిన రోజున దేవుడి గదిలో బాపమ్మ స్తోత్రం మధ్యలో తుమ్మేది. తుమ్మితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి. సగానికి వచ్చేసరికి మళ్ళీ తుమ్ము వచ్చేది. ఆ రోజుల్లో మాకు అన్నాలు ఆలస్యం.

బాపమ్మ అంటే మా బాపు తల్లి, నాకు నాన్నమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. బాపు దుకాణంలో ఎంత గట్టి బేరగాడైనా, పెరటి వైపు అడుగు పెట్టగానే "చూద్దాం తియ్యి" తప్ప మరో మాట ఎరగడు. బాపమ్మకు నగల మీద ఆశ లేదు, తిండి మీద ధ్యాస లేదు, ఉన్నదంతా నీళ్ళ మీద అనుమానం. ఏ ఇంటికి వెళ్ళినా వాళ్ళిచ్చిన నీళ్ళు ముందు అరచేతిలో పోసుకుని వెలుతురుకు పెట్టి చూసేది, వాసన చూసేది, నాలుక చివర తడి చేసుకునేది, ఆ తర్వాతే తాగేది. ఎదుటివాళ్ళ మొహం ఎలా మారినా పట్టించుకునేది కాదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఊళ్ళో గత్తర వచ్చి, వాంతులతో విరేచనాలతో ఇద్దరు పిల్లలు పోయారు. మా బాపు ఆ తర్వాత పుట్టినవాడు. ఆ పిల్లలు తాగింది తాబేలు లేని బావి నీళ్ళని, తాబేలు ఉంటే పురుగునూ పాచినీ తినేసి నీళ్ళు తేటగా ఉంచేదని ఆమెకు ఎవరో చెప్పారు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మాత్రం నమ్మింది, నమ్మకపోతే ఆ పిల్లలు ఎందుకు పోయారో ఆమెకు అర్థమయ్యే దారి లేదు.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి లేచిన ఏడు అది. బడులు మూతపడ్డాయి. ఊరేగింపులు వచ్చినప్పుడల్లా బాపు దుకాణం తలుపులు ఓరగా మూసి, వెళ్ళిపోయాక తీసేవాడు. రైలు వస్తుందో రాదో, బస్సు కదులుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పెద్దవాళ్ళంతా ఏదో మారబోతుందని మాట్లాడుకునేవాళ్ళు. ఏది మారుతుందో నాకు అర్థమయ్యేది కాదు. బడి లేదన్న సంతోషం కొద్ది రోజుల్లోనే అయిపోయి, పొద్దస్తమానం అమ్మ వెనక తిరగడం మొదలుపెట్టాను. అప్పుడే మా పాత బావి ఎండిపోయి, బాపు పెరట్లో కొత్త చేదబావి తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి, రాతికట్టు కట్టారు, గిలక బిగించారు. పాలపిట్టలు వచ్చి గట్టు మీద వాలాయి. అంతా అయ్యాక బాపమ్మ బావిలోకి తొంగి చూసి, తాబేలు లేని బాయి నీళ్ళు ఈ ఇంట్ల ఎవ్వలూ తాగద్దు అంది.

ఆ మాట అందరికీ మాటే, అమ్మకు మాత్రం బరువు. తాగే నీళ్ళు, వంట నీళ్ళు, దేవుడికి పెట్టే నీళ్ళు ఇంటి కోడలే తేవాలి, పనిమనిషి తేకూడదు. అవి కూడా తాబేలున్న బావి నుంచే తేవాలి. అలాంటి బావి రెండు వీధుల అవతల మరో వ్యాపారస్తుల ఇంట్లో ఉంది. అమ్మ కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని, ఎండలో కాళ్ళు కాలుతుంటే వీధి వెంట వచ్చి, పెరటి దర్వాజలోంచి లోపలికి అడుగుపెట్టి, నీళ్ళతో మెరుస్తున్న కొత్త బావి పక్కనుంచే నడిచి వంటింట్లోకి వెళ్ళేది. ఆ బావిని ఆమె ఒకసారైనా తల తిప్పి చూసినట్టు నాకు గుర్తు లేదు. నేను చిన్న చెంబు పట్టుకుని వెంట నడుస్తూ కోపంతో ఉడికిపోయేదాన్ని. తాబేలు దొరికితే అమ్మకు మోత తప్పుతుంది. ఆ వేసవిలో నాకు తెలిసిన ఉద్యమం అదే.

కానీ తాబేలును ఎలా ఎంచుకోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మేం జీవహింస చేయనివాళ్ళం, తొండ కనబడితే చీపురు వదిలేసి పరిగెత్తేవాళ్ళం. బాపు దుకాణానికి వచ్చినవాళ్ళందరినీ అడిగాడు, తలా ఒక మాట చెప్పారు. చిన్నదైతే చస్తుంది, పెద్దది తేవాలని ఒకరు. పెద్దదైతే బావికి ఇరుకు, చిన్నదే మేలని ఒకరు. మహదేవపూర్ అవతల గోదావరిలో పట్టినదైతే గంగతో సమానమని ఒకాయన అన్నాడు, బస్సులు నడవని కాలంలో అక్కడికి ఎవరు వెళతారో ఆయన చెప్పలేదు. అసలు తాబేలు ఇంట్లోకి రావడమే అరిష్టమని పక్కింటావిడ కబురు పంపింది. దీంతో బాపు పూర్తిగా డీలా పడిపోయాడు. బాపమ్మ మాత్రం తడుముకోలేదు. ఇంట్లోకి కదా రావద్దన్నది, పెరటి దర్వాజలోంచి తెస్తే ఇంట్లోకి వచ్చినట్టు ఎలా అవుతుందని అడిగింది. మా బాపమ్మ నియమాలు ఎంత గట్టివో, ఆ నియమాల్లో సందులు చూసుకోవడంలో ఆమె అంత దిట్ట.

చివరికి సక్రిని అడిగారు. సక్రి కొత్తగూడ దారిలో ఉన్న తండా నుంచి చింతపండు, కుంకుడుకాయలు మా దుకాణానికి తెచ్చే లంబాడా ఆవిడ. వెంట వచ్చిన వాళ్ళతో తమ భాషలో మాట్లాడుకుంటుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. తాబేలు కావాలనగానే ఆమె, తినేటందుకా అని అడిగింది. బాపమ్మ రామ రామ అని చెవులు మూసుకుని, పెంచడానికి అంది. ఎలాంటిది తేవాలో కూడా నువ్వే చూసి తెమ్మంది. సక్రి తల గోక్కుని, "మాకు వండుకునుడే ఎరుక అవ్వా, సాకుడు ఎరుకలేదు" అంది. అయినా కొన్నాళ్ళకు గోనెసంచిలో రెండింటిని తెచ్చి పెరట్లో బట్టలుతికే బండ దగ్గర బోర్లించింది. తనకూ తెలియదు కాబట్టి రెండు రకాలు తెచ్చానని, ఏది నచ్చితే అది ఉంచుకోమని చెప్పింది.

మొదటిది చెరువులో దొరికిందట. నల్లగా, సిబ్బిలా చదునుగా, బురద వాసన కొడుతూ ఉంది. వచ్చీ రాగానే మెడ బారెడు చాచి బాపు చెప్పు చివర కొరికింది. బాపు ఎగిరి బావి గట్టు ఎక్కాడు. రెండోది గుట్టల్లో పొదల కింద దొరికిందట. బోర్లించిన గిన్నెలా గుండ్రంగా, పెంకు నిండా పసుపుపచ్చ గీతలు, ఎవరో ఓపికగా చుక్కల ముగ్గు పెట్టినట్టు. మమ్మల్ని చూడగానే తల లోపలికి లాక్కుని కదలకుండా కూర్చుంది. బాపమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది, మొహం విప్పారింది. విష్ణుమూర్తి కూర్మావతారం ఇలాగే ఉండి ఉంటుందంది. నల్లదాన్ని చూసి మూతి తిప్పుకుంది. "ఇది తల ఎత్తది, నోరు చెయ్యది. ఇదే ఉండనీ" అంది. అచ్చం పెళ్ళిచూపుల్లో కోడలిని ఎంచినట్టే ఎంచింది. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. నల్లదాన్ని సక్రి సంతోషంగా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. దానికి తండాలో ఏ గతి పడుతుందో నాకు తెలిసిపోయింది. కరిచేదాన్ని పంపి సాధువును ఉంచుకున్నందుకు సంతోషించాలో, దాన్ని పొయ్యి మీదికి పంపినందుకు ఏడవాలో తెలియలేదు. అది నీళ్ళలో బతికే జాతి, ఇది మెట్ట మీద తిరిగే జాతి అన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. తాబేలంటే తాబేలే, నీళ్ళలోనే కదా ఉండేది అనుకున్నాం.

మరునాడు పొద్దున బాపమ్మ తలస్నానం చేసి తాబేలు పెంకుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కూర్మయ్య అని పేరు పెట్టింది. గంపకు నాలుగు వైపులా తాళ్ళు కట్టి, అందులో కూర్చోబెట్టి, బాపు మెల్లగా బావిలోకి దించాడు. గంప నీళ్ళలో మునగగానే కూర్మయ్య కూడా మునిగింది. కాసేపటికి తేలింది. నాలుగు కాళ్ళూ టపటపా కొట్టుకుంటూ రాతికట్టును ఆనుకుని తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, మధ్యలోకి ఒక్కసారి కూడా రాలేదు. అది కుడి వైపుకే తిరుగుతుందని బాపమ్మ కనిపెట్టింది. చేతులు జోడించి, "చూడుండ్రి, ప్రదక్షిణం చేస్తున్నది" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను గట్టు మీద గడ్డం ఆనించి వంగి చూశాను. గోళ్ళు రాయిని గీరుకునే చప్పుడు కింద నుంచి పెద్దగా వినబడుతోంది. నాకేదో తేడాగా అనిపించింది, ఏమిటో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా లేదు. అది ప్రదక్షిణమే కావాలి, అది అక్కడే ఉండాలి, అమ్మ బిందెలు దించాలి. బాపు కూడా కాసేపు చూసి, అలవాటైతే ఊకుంటది తియ్యి అన్నాడు.

మొదటి నీళ్ళు చేదడానికి అమ్మను పిలిచారు. అమ్మ కొంగు బిగించుకుని వచ్చి, చేద పక్కన పెట్టి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి లోపలికి చూసింది. కడుపు అడ్డం వస్తుంటే కొంచెం పక్కకు తిరిగి నిలబడింది. చాలాసేపు అలాగే చూసింది. మా అమ్మ అత్తగారి ఎదుట అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప, తనంతట తాను మాట మొదలుపెట్టగా నేను అంతవరకు వినలేదు. ఆ రోజు విన్నాను.

"అది ఈదుతలేదు అత్తమ్మా" అంది. "మెట్లు దేవులాడుతున్నది."

"బాయిల మెట్లెక్కడియి?" అంది బాపమ్మ.

"లేవు. ఆ సంగతి దానికి ఎరుకలేదు. తియ్యుండ్రి, చస్తది."

బాపు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తీస్తే మళ్ళీ బావికి తాబేలు లేనట్టే కదా, నీళ్ళెట్ల అని అమ్మను అడిగాడు. అమ్మ బావిలోంచి చూపు తిప్పకుండానే "మోస్త" అంది. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. అక్కడున్న అందరిలో కూర్మయ్య బావిలో ఉండాల్సిన అవసరం ఎవరికైనా ఉంటే అది అమ్మకే. అందరం ప్రదక్షిణమని ఒప్పుకున్నాక, ఆమె ఒక్కతికి అది పైకెక్కే మెట్లు వెతుకుతున్నట్టు ఎందుకు కనబడాలి? అమ్మ చెయ్యి పట్టి గుంజాను. ఆమె నా వైపు తిరగకుండా గట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది. అప్పుడు కోపం పోయి భయం వేసింది.

బాపమ్మ గట్టు దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఒకసారి బావిలోకి వంగి, నీళ్ళను పరీక్షించేటప్పుడు చూసినట్టు చూసింది. కూర్మయ్య తిరగడం నెమ్మదించింది, ఒకచోట ఆగి రాయికి కాళ్ళు ఆనించి తల పైకెత్తింది. బాపమ్మ గంప అందుకుని, తాళ్ళు పట్టుకోబోయిన అమ్మను నువ్వు పక్కకు జరుగు, కడుపులో బిడ్డ ఉన్నది అని గదిమింది. తల్లీ కొడుకూ చెరో వైపు నిలబడి, గంపలో రాయి వేసి ముంచి, దాన్ని తాబేలు కిందికి తేవడానికి నానా అవస్థా పడ్డారు. ఇద్దరూ ఒకరినొకరు విసుక్కున్నారు. ఎట్టకేలకు గంప పైకి వచ్చింది. కూర్మయ్య ఒంటి మీద పసుపూ లేదు, కుంకుమా లేదు. నోటి నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు కారుతున్నాయి. నేల మీద పెడితే చాలాసేపు కదలలేదు, తర్వాత మెల్లగా పాకి బండ కింద నీడలోకి దూరింది.

బాపమ్మ బండ మీద కూలబడింది. అమ్మ లోపలికి వెళ్ళి బిందెలు తెచ్చి పెరటి దర్వాజ వైపు నడుస్తుంటే, ఆగమంది. తానే లేచి చేద బావిలోకి వదిలి, నీళ్ళు తోడి, అరచేతిలో పోసుకుని వెలుతురుకు పెట్టి చూసింది, వాసన చూసింది, నాలుకకు తగిలించుకుంది. కొంగుతో చెయ్యి తుడుచుకుని బాపు వైపు తిరిగింది. "తాబేలు దిగిందా లేదా? దిగింది. ఎంతసేపుండాల్నో ఎవలు రాసిండ్రు?" అంది. ఆ మాట అని గడగడా తాగేసింది. ఆ పూటంతా ఆ నీళ్ళు ఆమె ఒక్కతే తాగింది. నేను అడిగితే ఇవ్వలేదు, అమ్మను ముట్టనివ్వలేదు. పొద్దు వాలే వేళకు తనకు ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక నాకు చెంబు అందించింది. ఇద్దరు పిల్లలను నీళ్ళ వల్లే పోగొట్టుకున్న మనిషి ఆ గంటలు ఎలా గడిపిందో ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా నా ఊహకు అందదు. అప్పుడు మాత్రం ఇంత నీళ్ళకు ఇంత రాద్ధాంతమా అని విసుక్కున్నాను.

అమ్మ బిందెలు అటక ఎక్కాయి. తర్వాత విజయ పుట్టింది. కూర్మయ్య పెరట్లోనే ఉండిపోయింది. తోటకూర కాడలు, రాలిన జామపళ్ళు, సొరకాయ తొక్కలు ఏవి వేసినా నమిలేది, పాలు పెడితే ముట్టేది కాదు. వానలు పడ్డ ఒక ఏడాది తులసికోట పక్కన మట్టి తవ్వి గుడ్డు పెట్టింది. కోడిగుడ్డు పేరు ఎత్తితేనే స్నానం చేసే ఇల్లు మాది. బాపమ్మ ఆ మాట నోటితో అనలేక, కూర్మయ్య దగ్గర కాయ ఉన్నదని బాపుకు చెప్పింది. అయ్య కాదు అమ్మ అని తేలాక కూడా పేరు మార్చలేదు. నాకు అర్థం కాని సంగతి ఒక్కటే, పెరట్లో అంత చోటుండగా అది రోజూ గోడ వెంబడే తిరిగేది. మమ్మల్ని అది గుర్తుపట్టేదో లేదో, మా దగ్గర సుఖంగా ఉందో లేదో, ఎంత చూసినా తెలిసేది కాదు. బాపమ్మ పోయిన తర్వాత వచ్చిన వానాకాలంలో పెరటి దర్వాజ గొళ్ళెం ఎవరో తీసి ఉంచారు, కూర్మయ్య వెళ్ళిపోయింది. ఎవరు తీశారో తేలలేదు. బాపు అందరినీ అడిగాడు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

విజయ అడ్డు తగులుతున్నా ఇదంతా చెప్పాను. విన్నాక మన్విత మళ్ళీ వీడియో పెట్టి, గాజు వెంబడి తిరుగుతున్న ఆ తాబేలును చూసి ఫోన్ పక్కన పెట్టింది. అయితే కూర్మయ్యలాంటిదే ఒకటి తెచ్చుకుని పెరట్లో వదులుతానంది. ఇప్పుడు ఆ జాతిని ఇంట్లో పెట్టుకుంటే నేరం, జైల్లో వేస్తారని వాళ్ళ నాన్న చెప్పాడు. పిల్ల మొహం చిన్నబోయింది. మాకు తెలిసి చెప్పేవాళ్ళు లేక తికమక, మన్వితకు చెప్పేవాళ్ళు ఎక్కువై తికమక. ఎన్ని డిగ్రీల వేడి ఉండాలో, ఎంత లోతు నీళ్ళు పోయాలో ఆ వ్యాసంలో అన్నీ ఉన్నాయి. అది తిరుగుతున్నది సంతోషంతోనా, బయటపడే దారి కోసమా అన్నది ఎలా తెలుసుకోవాలో మాత్రం ఎంత వెతికినా కనబడలేదట. వాళ్ళంతా లేచి వెళ్ళాక విజయ నా పక్కకు జరిగి, బావిలో చూసి అమ్మ ఎట్ల కనిపెట్టిందక్కా అని అడిగింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది దానికి చెప్పాను.

నేను భూపాలపల్లికి కాపురానికి వెళ్ళిన ఏడాది అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. అత్తగారింట్లో నాకు ఏ లోటూ లేదు. తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు, తిండికి కొదవ లేదు. చదువు మధ్యలో ఆగిపోయిందన్న దిగులు ఉందేమో, దాన్ని దిగులని కూడా అనుకోలేదు. పని లేకపోయినా ముందు గది నుంచి వంటింట్లోకి, వంటింట్లోంచి దొడ్డి గుమ్మం దాకా, మళ్ళీ వెనక్కి నడుస్తూనే ఉండేదాన్నట. నాకు ఆ సంగతి తెలియదు. మా అత్తగారే అమ్మకు మెచ్చుకోలుగా చెప్పింది, మీ బిడ్డ ఒక్కచోట కూసోదు, ఇల్లంత సంబురంగ తిరుగుతనే ఉంటదని. అమ్మ నవ్వింది. మధ్యాహ్నం ఇద్దరం దొడ్లో గిన్నెలు తోముతుంటే, "నేను కొత్తల వచ్చినప్పుడు మీ బాపమ్మ సుత అందరితోని గిట్లనే చెప్పేది" అంది అమ్మ. చేతిలోని గిన్నె కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నువ్వు ఈదుతున్నవా బిడ్డా, మెట్లు దేవులాడుతున్నవా?"

"ఈదుతున్ననే అమ్మా" అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నిజంగా నాకు తెలియదు. అమ్మ ఆ రోజు బావి గట్టు మీద చేతులు ఆనించి చూసినట్టే చాలాసేపు చూసింది. మరునాడు పొద్దున్నే మా అత్తగారి దగ్గరికి వెళ్ళి, మా ఇంట్లో నీళ్ళు మోయడానికి మనిషి లేదు వదినమ్మా, కొన్నాళ్ళు బిడ్డను తోలియ్యుండ్రి అని అడిగింది. నీళ్ళ మాట కాబట్టి ఆవిడ కాదనలేకపోయింది. కాటారం నుంచి వచ్చే బస్సు ఎక్కి ఇద్దరం మానుకోట వచ్చాం, నేను ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది అక్కడే. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మా పెరట్లో బావి, గట్టు మీద నుంచి వంగితే చేతికి అందేంత పైదాకా నిండి ఉంది.